సెంటు బుడ్డి వెనక మనిషి: ఫ్రాన్స్వా కోటీ

ఈ నెల గోడపత్రికకు ఒక ప్రముఖుని జీవితం రాయాలని మేడమ్‌గారు చెప్పినప్పుడు మా క్లాసులో పేర్లన్నీ పది నిమిషాల్లో అయిపోయాయి. వీరేశలింగంగారిని ఒకరు, బ్రౌన్ దొరను ఒకరు, దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారిని ఇద్దరు పంచుకున్నారు. నా వంతు వచ్చేసరికి నేను ఒక సెంటు వ్యాపారి పేరు చెప్పాను. అందరూ నవ్వారు. మేడమ్ మాత్రం నవ్వకుండా, ఎందుకు ఎంచుకున్నావో ఆ కారణం కూడా వ్యాసంలోనే రాయమన్నారు. అందుకని ముందు కారణం చెప్తాను.

మా అవ్వ పూలు అమ్ముతుంది. తెల్లవారకముందే కోయంబేడు వెళ్లి మల్లెమొగ్గలు, కనకాంబరాలు, మరువం తెచ్చుకుని, గుడి పక్కన కూర్చుని మాలలు కట్టి మూర లెక్కన అమ్ముతుంది. తాత పోయిన ఏడాది మొదలుపెట్టిన పని అది. అప్పటినుంచి ఇప్పటికి ముప్పై ఏళ్లు. ఈ ముప్పై ఏళ్లలో ఆమె చేతుల మీదుగా ఎన్ని వేల మూరలు పోయాయో గానీ, ఒక్క పువ్వు కూడా ఆమె తలలోకి చేరలేదు. పోయినేడు స్కాలర్‌షిప్ డబ్బు వచ్చినప్పుడు అవ్వకి ఏదైనా కొనాలనిపించింది. ఫ్యాన్సీ షాపులో మల్లెపూల వాసన వచ్చే చిన్న సెంటు బుడ్డి ఒకటి 120 రూపాయలకి కొన్నాను. పూలు పెట్టుకోకూడదని చెప్పినవాళ్లు సెంటు సంగతి ఏమీ చెప్పలేదు కదా అని నా లెక్క. అవ్వ మూత తీసి వాసన చూసింది. ఈ వయసులో నాకెందుకే అని మళ్లీ మూత పెట్టి, ట్రంకుపెట్టెలో చీరల మధ్య దాచేసింది.

నాకు కొంచెం కష్టమనిపించింది. కానీ దాంతోపాటు ఒక ప్రశ్న కూడా పట్టుకుంది. బుట్టెడు మల్లెలకే అంత ధర ఉండగా, ఆ వాసన 120 రూపాయల బుడ్డిలోకి ఎట్లా వచ్చింది? మామూలు ఆడవాళ్లు కూడా కొనుక్కోగలిగేలా సెంటుని మొదట ఎవరు అమ్మారు? అది వెతుక్కుంటూ పోతే దొరికిన మనిషి ఈ ఫ్రాన్స్వా కోటీ.

ఆయన అసలు పేరు జోసెఫ్ మరీ ఫ్రాన్స్వా స్పోతుర్నో. 1874 మే 3న మధ్యధరా సముద్రంలోని కార్సికా దీవిలో, అజాక్సియో ఊళ్లో పుట్టాడు. నెపోలియన్ పుట్టిన ఊరూ అదే. తనది నెపోలియన్ బంధువుల వంశమని ఆయన పెద్దయ్యాక చెప్పుకునేవాడు. చిన్నప్పుడు మాత్రం ఆ దర్జా ఏమీ చూడలేదు. ఊహ తెలిసీ తెలియని వయసులోనే అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. మొదట ముత్తవ్వ, తర్వాత నాయనమ్మ పెంచారు. మార్సెయ్ ఓడరేవు పట్నంలో నాయనమ్మ దగ్గర పెరిగాడు. చదువు పెద్దగా సాగలేదు, తొందరగానే పనిలోకి దిగాల్సి వచ్చింది.

సైన్యంలో కొంతకాలం పనిచేశాక, తన దీవికే చెందిన ఎమాన్యుయేల్ అరేన్ అనే రచయిత, రాజకీయ నాయకుడు ఆయన్ని పారిస్‌లో తన దగ్గర కార్యదర్శిగా పెట్టుకున్నాడు. కార్సికా కుర్రాడికి పెద్దవాళ్ల ఇళ్ల గుమ్మాలు అట్లా తెరుచుకున్నాయి. 1900లో ఇవోన్ ల బారోన్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆ రోజుల్లోనే రేమండ్ గోరీ అనే మందుల షాపాయన స్నేహితుడయ్యాడు. అప్పట్లో కొలోన్ నీళ్లు మందుల షాపుల్లోనే కలిపి అమ్మేవాళ్లు. ఆ షాపు వెనకగదిలో సరదాకి కలపబోయి, తన ముక్కు మామూలు ముక్కు కాదని కోటీ తెలుసుకున్నాడు. స్పోతుర్నో అనే ఇంటిపేరు పారిస్ వాళ్ల నోరు తిరగదని, పుట్టింటివైపు అమ్మ ఇంటిపేరైన కోతిని కాస్త మార్చి కోటీ అని పెట్టుకున్నాడు. మనం తెలుగులో ఆ పాత పేరు చదివితే నవ్వొస్తుంది గానీ, తల్లి పేరుతో లోకంలో నిలబడ్డాడన్నది నాకు నచ్చింది.

తర్వాత ఆయన చేసిన మంచి పని, తనకి తెలియదని ఒప్పుకుని నేర్చుకోవడానికి వెళ్లడం. దక్షిణ ఫ్రాన్సులో గ్రాస్ అనే కొండ ఊరు ఉంది. శతాబ్దాలుగా సెంట్ల తయారీకి అదే పుట్టిల్లు. అక్కడి షిరిస్ ఫ్యాక్టరీలో చేరి పూల నుంచి వాసన తీసే విద్య నేర్చుకున్నాడు.

ఈ విద్య గురించి రెండు మాటలు చెప్పాలి. గులాబీ వేడిని తట్టుకుంటుంది కాబట్టి ఆవిరి పట్టి నూనె తీయొచ్చు. కానీ ఒక కిలో గులాబీనూనె రావాలంటే మూడు నుంచి అయిదు టన్నుల పూలు కావాలి. జాజిపూలు వేడికి ఓర్చుకోవు. అందుకని గ్రాస్‌లో గాజుపలకల మీద కొవ్వు రాసి, దాని మీద పూలు పరిచి, అవి వాడగానే తీసేసి కొత్తవి పరిచేవాళ్లు. ఇట్లా రోజుల తరబడి చేస్తే పూల వాసనంతా కొవ్వులోకి దిగుతుంది. దాన్ని ఆల్కహాలుతో కడిగి సారం తీస్తారు. మన దేశంలో కన్నౌజ్, జౌన్‌పూర్ వాళ్లు నువ్వుల మధ్య పూలు పరిచి, ఆ నువ్వులను గానుగ ఆడించి పూలనూనె తీసేది కూడా ఇట్లాంటి తెలివే. షిరిస్ ఫ్యాక్టరీ వాళ్లు కొవ్వుకి బదులు తొందరగా ఆవిరయ్యే ద్రావకాలతో వాసన లాగే కొత్త పద్ధతిలో ముందున్నారు. ఏ పద్ధతైనా పూలు బస్తాలకొద్దీ కావాలి, సారం మాత్రం చెంచాల్లోనే వస్తుంది. సెంటు రాణులకీ, రాణుల్లాంటివాళ్లకే పరిమితం కావడానికి కారణం అదే.

ఇంకోపక్క రసాయనశాస్త్రం తన పని తాను చేసుకుంటూ పోతోంది. కోటీ పుట్టిన 1874లోనే జర్మనీలో వెనిల్లా వాసనను ప్రయోగశాలలో తయారుచేశారు. 1893లో వయొలెట్ పూల వాసన ఇచ్చే అయొనోన్ వచ్చింది. దాన్ని చేసేది దేంతోనో తెలుసా? నిమ్మగడ్డి నూనెతో. ఆ కాలంలో నిమ్మగడ్డి నూనె మన కొచ్చి రేవు నుంచే ఎక్కువగా విదేశాలకు వెళ్లేది. మలబారు కొండల్లో గడ్డి కోసినవాళ్లకి, అది పారిస్‌లో పువ్వై పరిమళిస్తుందని తెలిసి ఉండదు. అప్పటికి పెద్ద పెద్ద సెంటు కంపెనీలు కొన్ని ఈ కృత్రిమ వాసనలను వాడుతూనే ఉన్నాయి. పూల సారాన్నీ, ఈ కొత్త పదార్థాలనీ ధైర్యంగా కలిపి, ఆ కలయికనే కొత్త అందంగా చూపించినవాళ్లలో కోటీ ముందువరసలో ఉంటాడు.

పారిస్ తిరిగొచ్చి నాయనమ్మ ఇచ్చిన అప్పుతో ఇంట్లోనే ప్రయోగశాల పెట్టాడు. భార్య ఇవోన్ సీసాలకు పట్టుసంచులు కుట్టేదని చెప్తారు. 1904లో లా రోజ్ జాక్‌మినో వచ్చింది. జాక్‌మినో అన్నది ఒక ఎర్రగులాబీ జాతి పేరు. షాపులవాళ్లు మొదట కొనలేదు. పారిస్‌లోని లూవ్ర్ అనే పెద్ద బట్టల దుకాణంలో కూడా కాదన్నారట. అప్పుడు ఒక సీసా గల్లా మీద పగిలిందనీ, ఆ వాసనకి అక్కడున్న ఆడవాళ్లంతా మూగి ఇదేం సెంటని అడిగారనీ, దాంతో దుకాణంవాళ్లు సరుకు పెట్టుకున్నారనీ ఒక కథ ఉంది. చెయ్యి జారి పగిలిందో, కావాలనే పగలగొట్టాడో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. మా అవ్వ కూడా బేరం తక్కువగా ఉన్నరోజు బుట్ట మీది తడిగుడ్డ కాస్త పక్కకి జరుపుతుంది. అందుకే నాకు మాత్రం రెండోదే నమ్మాలనిపిస్తుంది.

1905లో లొరిగాన్ వచ్చింది. అక్కడినుంచి కోటీ వెనక్కి చూసుకోలేదు. పారిస్ శివార్లలో, సురేన్‌లో పెద్ద ఫ్యాక్టరీ కట్టాడు. దానికి సెంట్ల నగరం అని పేరు. పారిస్‌లో ప్లాస్ వాండోమ్ దగ్గర పెట్టిన దుకాణం పక్కనే రెనే లాలిక్ అనే నగల కళాకారుడి దుకాణం ఉండేది. కోటీ ఆయన్ని అడిగి సెంటు సీసాలకు బొమ్మలు గీయించుకున్నాడు. లాలిక్ గాజును అచ్చులో పోసి, ఒకేలాంటి అందమైన సీసాలు వేలకొద్దీ చేసే దారి పట్టాడు. చేత్తో చెక్కిన సీసా ఒక రాణిగారికే వస్తుంది. అచ్చులో పోసిన సీసా టీచరమ్మకీ, టైపు కొట్టే అమ్మాయికీ వస్తుంది.

కోటీ వ్యాపారసూత్రం మూడు ముక్కల్లో చెప్పొచ్చు. సరుకు మేలుగా ఉండాలి, సీసా ముచ్చటగా ఉండాలి, ధర అందేలా ఉండాలి. పెద్ద సీసా కొనలేనివాళ్లకి అదే సెంటుని చిన్న సీసాలో పోసి ఇచ్చాడు. అదే వాసనతో పౌడరు, సబ్బు చేసి, అన్నీ ఒక పెట్టెలో పెట్టి అమ్మాడు. మన కడలూరు వైపు మొదలై దేశమంతా పాకిన షాంపూ ప్యాకెట్లు గుర్తుకొస్తున్నాయి కదూ! పెద్ద సీసా కొనలేని మనిషికి కూడా ముచ్చట ఉంటుందని తెలుసుకున్నవాడే ఆ పని చేయగలడు.

మొదటి ప్రపంచయుద్ధం ఆయన వ్యాపారానికి కలిసొచ్చింది. 1917లో షిప్ర్ అనే సెంటు వచ్చింది. నాచు, చెట్టుబెరడు వాసనల మీద కట్టిన ఆ కూర్పు ఒక కొత్త కుటుంబానికే పేరైంది. ఫ్రాన్సులో ఉన్న అమెరికా సైనికులు ఇంటికి వెళ్తూ తల్లులకీ, భార్యలకీ కోటీ సీసాలు పట్టుకెళ్లారు. అట్లా అమెరికాలో గిరాకీ పుట్టింది. తయారైన సెంటు మీద అక్కడ సుంకం ఎక్కువ. అందుకని సరుకును విడివిడిగా పంపి, అక్కడే కలిపి సీసాల్లో నింపే ఏర్పాటు చేశాడు. ధర మళ్లీ అందుబాటులోనే నిలిచింది. 1921లో ఎమ్రోద్, 1927లో లేమాన్ వచ్చాయి. లేమాన్ అంటే అయస్కాంతమనీ, ప్రేమించేదనీ రెండర్థాలు. గులాబీ, జాజి, వెనిల్లా కలిసిన ఈ పూల సెంటు, కోటీ పోయి ఎన్నో ఏళ్లయ్యాక కూడా ఇంగ్లండులో మందుల షాపుల్లో తక్కువ ధరకే దొరుకుతూ వచ్చింది. అక్కడ ఎంతోమందికి అది అమ్మమ్మల వాసన.

1920ల్లో కోటీ ఫ్రాన్సులోని అతి పెద్ద ధనవంతుల్లో ఒకడు. కోటలు కొన్నాడు, కట్టించాడు. పారిస్ దగ్గర లూవ్‌సియెన్‌లో, ఒకప్పుడు పదిహేనో లూయీ రాజు ప్రియురాలు మదామ్ ద్యు బరీకి చెందిన భవనం కూడా ఆయనదైంది. కథ ఇక్కడ ఆగి ఉంటే నాకు ఈ వ్యాసం రాయడం చాలా సులువయ్యేది.

ఆయనకి రాజకీయాల మోజు పట్టింది. 1922లో ఫిగారో అనే పేరున్న పత్రికను చేజిక్కించుకున్నాడు. 1923లో కార్సికా నుంచి సెనేటుకు ఎన్నికయ్యాడు, కానీ డబ్బు పంచాడని ఆ ఎన్నిక రద్దయింది. 1928లో సొంతంగా లామీ ద్యు పేప్ల్ అనే దినపత్రిక పెట్టాడు. ఆ పేరుకి ప్రజల మిత్రుడు అని అర్థం. మిగతా పత్రికలు 25 సెంటీములు ఉంటే, దాన్ని 10 సెంటీములకే అమ్మాడు. పెద్ద పత్రికలన్నీ ఏకమై అడ్డుపడినా, ధర చూసి జనం కొన్నారు. లక్షల ప్రతులు పోయాయి.

ఆ పత్రికలో ఏముండేదంటే ద్వేషం. దేశంలో ఏ కష్టం వచ్చినా యూదుల వల్ల, పరాయివాళ్ల వల్ల, కమ్యూనిస్టుల వల్ల అని రాసేవాళ్లు. యుద్ధంలో ఫ్రాన్సు కోసం పోరాడి వచ్చిన యూదు సైనికుల సంఘాలవాళ్లు కోర్టుకెక్కితే, 1933లో కోటీకి వ్యతిరేకంగా తీర్పొచ్చింది. ఇటలీలో ముస్సోలినీని చూసి ముచ్చటపడి, ఫ్రాన్సులో అట్లాంటి గుంపులకి డబ్బు పోశాడు. 1933లో సాలిదారితే ఫ్రాన్సేజ్ అనే సంస్థను తానే పెట్టాడు. నీలిచొక్కాలు వేసుకుని వీధుల్లో కవాతు చేసే సంస్థ అది.

ఈ భాగం చదివిన రోజు నేను పుస్తకం మూసేశాను. పేరు మార్చుకుంటానని మేడమ్ దగ్గరికి వెళ్లాలనుకున్నాను. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ 10 సెంటీముల ధర. చిన్న సీసా, తక్కువ ధర, చేతికి అందేలా అమ్మడం అన్న తెలివితోనే ఆయన పేదింటి ఆడపిల్లకి పువ్వు ఇచ్చాడు. అదే తెలివితో పేదింటి మగాడికి విషం ఇచ్చాడు. చవగ్గా దొరికింది కదా అని మనం దేన్నీ మంచిదనుకోకూడదని నాకు అప్పుడు అర్థమైంది. ఇంతవరకు ఆయన అని రాశాను. ఇక్కడినుంచి అతను అని రాయాలనిపించింది, చిత్తుప్రతిలో రాశాను కూడా. తర్వాత కొట్టేశాను. సీసా చేసినవాడూ, పత్రిక పెట్టినవాడూ ఇద్దరు కాదు, ఒక్కడే. సర్వనామం మార్చి ఇద్దరిగా చూపించడం అబద్ధమవుతుంది.

మిగతా కథ తొందరగా అయిపోతుంది. 1929లో ఇవోన్ విడాకులు తీసుకుంది. ఆమెకు ఇవ్వాల్సిన పరిహారం కోట్ల ఫ్రాంకుల్లో ఉంది. అదే ఏడాది అమెరికాలో షేర్లు కూలాయి. పత్రికలు ఎంత పోసినా మింగుతూనే ఉన్నాయి. 1931లో సొంతూరు అజాక్సియోకి మేయరయ్యాడు గానీ, కంతులు కట్టలేక పత్రికలతో సహా చాలా ఆస్తి మాజీ భార్య చేతికి పోయింది. ఒకప్పుడు పట్టుసంచులు కుట్టిన ఆమె చేతికే చివరికి అన్నీ చేరాయి. 1934 జూలై 25న లూవ్‌సియెన్‌లో కోటీ చనిపోయాడు. అప్పటికి వయసు 60. కంపెనీ 1963లో ఒక అమెరికా మందుల సంస్థకు అమ్ముడుపోయింది. పేరు మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.

పేరు మార్చుకోవాలా వద్దా అని తేలక, ఒక రాత్రి మాలలు కడుతున్న అవ్వకి ఈ కథంతా చెప్పాను. కోటల సంగతి, పత్రికల సంగతి ఆమెకి పెద్దగా పట్టలేదు. ఆ గ్రాస్ ఊళ్లో పూలు కోసిందెవరు అని మాత్రం అడిగింది. నేను చదివింది చెప్పాను. ఎక్కువమంది ఆడవాళ్లే. ఇటలీ నుంచి కూలికి వచ్చినవాళ్లు కూడా చాలామంది. మే నెలలో గులాబీలు, ఆగస్టు నుంచి జాజులు. ఎండెక్కితే వాసన తగ్గిపోతుంది కాబట్టి తెల్లవారుజామునే వంగి కోసేవాళ్లు. అవ్వ తల ఊపింది. తను బజారుకి వెళ్లే టైమే అది. ఆ ఆడవాళ్లకి కోటీ సెంటు ఒక సీసా అయినా దక్కిందా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు పేరు మార్చుకోకూడదని నిర్ణయించుకున్నాను. సెంటుని చవక చేసిన ఘనత కోటీది, అది ఆయన నుంచి తీసేయలేం. ద్వేషాన్ని చవక చేసిన పాపం కూడా ఆయనదే, అదీ తీసేయకూడదు. కానీ బుడ్డిలో ఉన్నది ఆయన ఒక్కడి పనే కాదు. నిమ్మగడ్డి కోసినవాళ్లు, జాజులు కోసినవాళ్లు, సంచులు కుట్టిన ఇవోన్, అప్పిచ్చిన నాయనమ్మ కూడా అందులో ఉన్నారు. ఈ రోజు మన మదురై, కోయంబత్తూరు వైపు మల్లెలూ జాజులూ కోసి, విదేశాల సెంట్లకు సారం అందిస్తున్న ఆడవాళ్లూ ఉన్నారు. జీవితచరిత్రల్లో వాళ్ల పేర్లు ఉండవు. ఈ గోడ మీదయినా ఒక వాక్యం ఉండాలని రాశాను.

ఇక మా అవ్వ బుడ్డి సంగతి. 120 రూపాయలకి అందులో నిజం మల్లె ఉండే అవకాశం లేదు. మల్లె వాసనలో ముఖ్యమైన బెంజైల్ ఎసిటేట్‌ని ఫ్యాక్టరీలోనే చేస్తారు. ఆ మాట అవ్వకి చెప్తే, నిజం పూలు నా చేతుల నిండా ఉన్నాయిలే అంది. పోయిన శుక్రవారం మా చిన్నత్త కూతురి పెళ్లికి బయల్దేరేటప్పుడు ట్రంకుపెట్టెలోంచి చీర తీసుకుంది. బస్సులో ఆమె పక్కనే కూర్చున్నాను. మల్లె వాసన వస్తోంది. చీరల మధ్య ఉన్న బుడ్డి నుంచి అంటిందో, ఆమే రాసుకుందో నేను అడగలేదు. మండపంలో ముందు వరసలో కూర్చోమంటే ఎప్పుడూ వెనక్కి వెళ్లే మనిషి, ఆ రోజు మూడో వరసలో కూర్చుంది.